కటింగ్ మిషన్ కొనే ముందు

(క్రాఫ్ట్ శిక్షణ తరగతుల చివరి రోజున చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనుక వరుసలో కూర్చున్న అమ్మలకు వినిపిస్తోందా? వినిపించకపోతే ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

డిజైను ఇస్తే కాగితాన్నో, స్టిక్కర్ షీటునో చిన్న బ్లేడుతో అదే ఆకారంలో కోసి ఇచ్చే మిషన్లు వచ్చాయి కదా, వాటి గురించి నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "మేడం, ఏ మిషన్ కొనమంటారు?" నేను వెంటనే పేరు చెప్పను. ఎదురు ప్రశ్న వేస్తాను. వచ్చే నెలలో మీరు కోయబోయేది ఏమిటి? పుట్టినరోజు కేకు మీద పెట్టే పేరా? పెళ్లి కార్డు మీది జాలీ డిజైనా? సీసాల మీద, డబ్బాల మీద అంటించే స్టిక్కర్లా? గుమ్మం ముందు ముగ్గు స్టెన్సిలా? టీషర్టు మీద అక్షరాలా? జవాబు చెప్పలేని వారికి నేను మిషన్ పేరు చెప్పను. చెప్పకూడదు కూడా. ఎందుకంటే ఇది కొన్ని వేల రూపాయల వస్తువు. కొన్న తరువాత కూడా బ్లేడ్లు, కాగితాన్ని అంటించి పెట్టే జిగురు మ్యాట్లు, షీట్లు అంటూ ఖర్చు పెట్టిస్తూనే ఉంటుంది.

ముందుగా ఈ మిషన్ ఎలా కోస్తుందో ఒక్క మాటలో చెప్పుకుందాం. అది తెలిస్తే సగం సందేహాలు తీరిపోతాయి. షీటును రోలర్లు ముందుకీ వెనక్కీ నడుపుతాయి. బ్లేడు కుడికీ ఎడమకీ నడుస్తుంది. ఈ రెండు కదలికలూ కలిస్తే వంపు వస్తుంది, వలయం వస్తుంది, అక్షరం వస్తుంది. బ్లేడు చాలా చిన్నది. దాని మొన సరిగ్గా మధ్యలో ఉండదు, కాస్త పక్కకు ఉంటుంది. సూపర్ మార్కెట్ బండి ముందు చక్రం మనం తోసిన వైపుకు తనంతట తానే తిరుగుతుంది చూడండి, ఆ బ్లేడూ అలాగే గీత ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. అందుకే పదునైన మూలల దగ్గర, మరీ చిన్న వంపుల దగ్గర దానికి కష్టం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మన తెలుగు అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఇదే పెద్ద విషయం అవుతుంది.

ఇప్పుడు ఆ అక్షరాల దగ్గరికే వస్తాను. మిషన్ల గురించి ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి ఉంటారు. ఎక్కువ భాగం అమెరికావే. వాళ్లు ఇంగ్లీషు పేరు ఒకటి టైపు చేస్తారు, కలిపిరాత ఫాంటు పెడతారు, కోస్తారు, పేరంతా ఒకే ముక్కగా వచ్చేస్తుంది. మనం అదే పని తెలుగులో చేస్తే ఏమవుతుంది? ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఎందుకు? మన 'ప' చూడండి. పైనున్న తలకట్టు కింది గిన్నెకు అంటదు. చాలా ఫాంట్లలో 'స', 'హ', 'ష', 'ఘ' కూడా అంతే. సున్న ఎక్కడా దేనికీ అంటదు. ఒత్తు అక్షరం కింద విడిగా వేలాడుతుంది. 'సంపత్' అని కేకు టాపర్ కోయండి. 'స' గిన్నె ఒక ముక్క, తలకట్టు ఒక ముక్క, సున్న ఒక ముక్క, మళ్లీ 'ప' రెండు ముక్కలు. కేకు మీద దేన్ని నిలబెడతారు?

స్టిక్కర్ అయితే ఈ బాధ లేదు. వెనుక కాగితం ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ టేపు అన్ని ముక్కలనూ ఎక్కడివక్కడ పట్టుకుని తీసుకెళ్లి అంటిస్తుంది. కార్డు స్టాక్‌తో, అంటే మందపాటి కాగితంతో, విడిగా నిలబడే అక్షరాలు కోసేటప్పుడే చిక్కు. దానికి ఉపాయం ఉంది. అక్షరాల చుట్టూ 2, 3 మిల్లీమీటర్ల అంచు వచ్చేలా ఆఫ్‌సెట్ వేయండి. ఆ అంచులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే ఆకారం అవుతాయి. దాన్ని ముదురు రంగు కార్డులో కోసి, దాని మీద బంగారు రంగు అక్షరాలు ముక్కలు ముక్కలుగా అంటించండి. తలకట్టు తలకట్టు చోటే ఉంటుంది, సున్న సున్న చోటే ఉంటుంది. పేరు అందంగానూ ఉంటుంది, గట్టిగానూ నిలబడుతుంది. ఈ ఆఫ్‌సెట్ సౌకర్యం మీరు కొనబోయే మిషన్ సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా ఉందా లేదా? షాపులో అడగవలసిన మొదటి ప్రశ్న ఇది.

రెండో సంగతి. 'రాధ' అని పేరు కోస్తున్నారనుకోండి. 'ధ' కింద చిన్న గీత ఉంటుంది. అక్షరం చిన్నదైతే ఆ గీత మరీ సన్నం. అక్కరలేని వినైల్‌ను, అంటే స్టిక్కర్ ప్లాస్టిక్ షీటును, పిన్నుతో పీకి తీసేస్తాం కదా, వీడింగ్ అంటాం, అప్పుడు ఆ గీత కూడా దానితో పాటు వచ్చేస్తుంది. 'రాధ' కాస్తా 'రాద' అయిపోతుంది. 'ఫ' కింద గీత పోతే 'ప' మిగులుతుంది. 'థ' లోపలి చుక్క పోతుంది. ఇంగ్లీషులో 'ఐ' మీద చుక్క పోయినా చదువుకోవచ్చు. మనకు గీత పోతే పేరే మారిపోతుంది. కట్నాల చదివింపుల కవరు మీదో, బారసాల బోర్డు మీదో పేరు తప్పు పడితే ఆ ఇంటివాళ్లకు ఎంత కష్టంగా ఉంటుంది చెప్పండి. అందుకని వినైల్‌లో అక్షరంలోని అతి సన్నని గీత 1 మిల్లీమీటరుకు తగ్గకుండా చూసుకోండి. కార్డులో అయితే ఇంకొంచెం ఎక్కువే ఉండాలి.

ఫాంటు విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. సిలికానాంధ్ర వారు విడుదల చేసిన తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర, మల్లన్న, మండలి, సూరవరం, ధూర్జటి, ఇలా చాలా ఉన్నాయి. కోతకు నా మొదటి ఎంపిక రామభద్ర. గీతలు బాగా లావు, శీర్షికల కోసం చేసిన ఫాంటు. సన్నగీతల ఫాంట్లు చదవడానికి ఎంత హాయిగా ఉన్నా బ్లేడు కిందికి పనికిరావు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మీరు టైపు చేసిన తెలుగును ఆ సాఫ్ట్‌వేర్ సరిగ్గా కూర్చగలదా? ఫోనులో, కంప్యూటర్‌లో తెలుగు బాగానే కనిపిస్తుంది కనుక అన్నిచోట్లా అలాగే కనిపిస్తుందని అనుకుంటాం. డిజైను సాఫ్ట్‌వేర్లు అన్నీ అలా ఉండవు. ఒత్తు విడిపోయి పక్కన పొల్లుగా నిలబడుతుంది, గుడి వేరే చోట పడుతుంది. అందుకే నేను ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ముందు మూడు మాటలు టైపు చేస్తాను. 'శ్రీ', 'లక్ష్మి', 'జ్యోత్స్న'. ఈ మూడూ సరిగ్గా వస్తే మిగతావన్నీ వస్తాయి. జ్యోత్స్నలో 'త' కింద 'స', దాని కింద 'న', అక్కడే తేలిపోతుంది. రాకపోతే ఏం చేయాలి? ఇంక్‌స్కేప్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో తెలుగు చక్కగా కుదురుతుంది. అక్కడ టైపు చేసి, అక్షరాలను గీతలుగా, అంటే పాత్‌గా మార్చి, ఎస్‌విజి ఫైలుగా, అంటే గీతల రూపంలో ఉండే బొమ్మ ఫైలుగా, దాచుకోండి. పాత్‌గా మారిన తరువాత అది అక్షరం కాదు, బొమ్మ. ఏ మిషన్ అయినా దాన్ని చెడగొట్టకుండా కోస్తుంది.

డీటీపీ సెంటర్‌లో చేయించుకుంటున్నారా? మంచిదే. కానీ అక్కడ చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని, అను అనే పాత రకం ఫాంట్లలో పని చేస్తారు. ఆ ఫైలు మీ ఇంటికి తెచ్చి తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. "కర్వ్స్ చేసి ఇవ్వండి" అని చెప్పండి. అంటే అక్షరాలను పాత్‌గా మార్చి ఇవ్వమని. ఆ మాట వాళ్లకు బాగా తెలుసు.

సరే, ఇప్పుడు మిషన్లు. మన ఇళ్లలోకి వచ్చేవి ముఖ్యంగా మూడు కుటుంబాలు. క్రికట్, సిలూయెట్, బ్రదర్ వారి స్కాన్‌ఎన్‌కట్. వేరేవీ ఉన్నాయి, కానీ ఈ మూడింటి తేడా అర్థమైతే మిగతావి మీరే బేరీజు వేసుకోగలరు.

షాపువాళ్లు ముందుగా చెప్పేది బలం, అంటే బ్లేడును కిందికి నొక్కే ఒత్తిడి. "మేడం, ఇది 400 గ్రాములు, అది 4 కిలోలు, పది రెట్లు!" అంటారు. క్రికట్ ఎక్స్‌ప్లోర్‌కూ మేకర్‌కూ చెప్పే తేడా అదే. సిలూయెట్ కామియో 4లో బ్లేడును పట్టుకుని నడిచే రెండు బండ్లలో ఒకదానికి 5 కిలోల బలం అంటారు. వినడానికి పెద్దగా ఉంటుంది. కానీ అమ్మా, వినైల్ కోయడానికి ఎంత బలం కావాలి? దానికి ముందు వచ్చిన కామియో 3 బలం 210 గ్రాములు. ఆ 210 గ్రాములతోనే లోకమంతా స్టిక్కర్లూ కార్డులూ కోసుకుంది. మన పెళ్లి కార్డుల 250, 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాములు తూగే కాగితానికి మంచి బ్లేడు ఉంటే ఆ బలం సరిపోతుంది. మరి 4 కిలోలు ఎవరికి? గుండ్రంగా తిరిగే రోటరీ బ్లేడుతో వెనుక ఏ అతుకూ లేకుండా నేరుగా బట్ట కోసేవారికి, నైఫ్ బ్లేడుతో 2 మిల్లీమీటర్ల పైచిలుకు మెత్తని చెక్క షీటు కోసేవారికి. మీరు ప్యాచ్‌వర్క్ చేస్తారా? బొంతలు కుడతారా? అప్పుడు మేకర్ గురించి ఆలోచించండి. చేయరా? ఆ డబ్బు షీట్ల మీద పెట్టండి.

వెడల్పు కూడా అంతే. క్రికట్ జాయ్ 4.5 అంగుళాలే కోస్తుంది. అగ్గిపెట్టెల లేబుళ్లకు, గ్రీటింగ్ కార్డులకు బాగుంటుంది. తాంబూలం సంచి మీద పెద్ద డిజైను వేయాలంటే చాలదు. ఎ4 షీటు చాలనుకుంటే జాయ్ ఎక్స్‌ట్రా, సిలూయెట్ పోర్ట్రెయిట్ లాంటివి ఉన్నాయి. ఎక్స్‌ప్లోర్, మేకర్, కామియో, ఇవి 12 అంగుళాలవి. వ్యాపారం చేయాలనే ఆలోచన ఏ మూలనో ఉంటే 12 అంగుళాలకు తగ్గవద్దని నా మాట. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మిషన్ మీదా, ఫైలు మీదా ఎవరి అధికారం?

ఇప్పుడు నేను చెప్పబోయేది మాత్రం దయచేసి శ్రద్ధగా వినండి. బలం కన్నా, వెడల్పు కన్నా ఇది ముఖ్యం. మీరు డబ్బు పెట్టి మిషన్ కొంటారు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎవరిది? ఇంటర్నెట్ లేకపోతే నడుస్తుందా? కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్ ఆపేస్తే మీ మిషన్ ఏమవుతుంది?

క్రికట్‌ను నడిపేది డిజైన్ స్పేస్. ఖాతా ఉండాలి, లాగిన్ కావాలి. కొన్ని ఫైళ్లు ముందుగా దించి పెట్టుకుంటే నెట్ లేకుండా కొంత పని జరుగుతుంది కానీ, దాని మనుగడ కంపెనీ సర్వర్ల మీదే. వేరే సాఫ్ట్‌వేర్‌తో ఇప్పటి మిషన్లను నేరుగా నడపలేరు. ఇందులో భయపడవలసింది ఏముంది అంటారా? రెండు సంగతులు చెబుతాను. క్రికట్ మినీ అని ఒక చిన్న మిషన్ ఉండేది. అది క్రాఫ్ట్ రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో మాత్రమే నడిచేది. 2018లో కంపెనీ క్రాఫ్ట్ రూమ్‌ను మూసేసింది. మిషన్లు బాగానే ఉన్నాయి, మోటార్లు బాగానే ఉన్నాయి, బ్లేడ్లు బాగానే ఉన్నాయి. నడిపేది లేక మూలన పడ్డాయి.

రెండోది 2021 మార్చిలో జరిగింది. చందా కట్టనివారు తమ సొంత బొమ్మలను నెలకు 20 మాత్రమే ఎక్కించుకోవచ్చు అని కంపెనీ ప్రకటించింది. ఆలోచించండి. మిషన్ మీది, కాగితం మీది, బొమ్మ మీరు గీసింది. ఇరవై ఒకటోది కోయాలంటే చందా కట్టాలి. మన తెలుగువాళ్లకు ఇది మరీ దెబ్బ. ఎందుకంటారా? ఇప్పుడే చెప్పుకున్నాం కదా, తెలుగు పేర్లు పాత్‌గా మార్చి బొమ్మలుగా ఎక్కించాలి. ఒక బారసాలకు 30 మంది పిల్లల పేర్లతో రిటర్న్ గిఫ్టులు చేస్తే 30 బొమ్మలు! అయితే వాడుకరులు ఊరుకోలేదు. పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ అధిపతి ఆశీష్ అరోరా లేఖ రాసి ఆ నిర్ణయాన్ని పూర్తిగా ఉపసంహరించుకున్నారు. ఉపసంహరించుకున్నారు, మంచిదే. కానీ అలాంటి షరతు పెట్టగల తాళంచెవి ఎవరి చేతిలో ఉందో ఆ వారంలో అందరికీ తెలిసింది.

అలాగని క్రికట్ వద్దనడం లేదు. దానికి ఒక గొప్ప సౌలభ్యం ఉంది. ఫోనుతో నడుస్తుంది. ఇక్కడ ఇంట్లో కంప్యూటర్ లేనివారు చేతులెత్తండి. చూశారా, సగం మంది. కంప్యూటర్ లేదు, నేర్చుకునే తీరికా లేదు అనుకునేవారికి బ్లూటూత్‌తో ఫోనుకు కలిపి, అందులోని డిజైన్లే కోసుకోవడానికి క్రికట్ చాలా సులువు. ఏ కాగితానికి ఎంత ఒత్తిడి అన్నది జాబితాలో ఉంటుంది, ఎంచుకుంటే చాలు. కొత్తవారికి అది నిజంగా మేలు.

సిలూయెట్ దీనికి ఎదురు వైపు. జపాన్‌లోని గ్రాఫ్‌టెక్ అనే పాత ప్లాటర్ల, అంటే గీతలు గీసే యంత్రాల, కంపెనీ సంతతి అది. దాని సిలూయెట్ స్టూడియోను కంప్యూటర్‌లో ఒకసారి వేసుకుంటే నెట్ అవసరం లేదు. మీ ఫైలు మీ కంప్యూటర్‌లో ఉంటుంది. ప్రాథమిక సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక మెలిక ఉంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌విజి ఫైలు తెరుచుకోదు. దానికి డిజైనర్ ఎడిషన్ ఒకసారి డబ్బు కట్టి కొనుక్కోవాలి. కొననివారు డిఎక్స్ఎఫ్ అనే మరో రకం ఫైలుగా దాచి తెరుచుకోవచ్చు. లేదా బొమ్మను ట్రేస్ చేసుకోవచ్చు, అంటే దాని అంచుల వెంట గీత వేయించుకోవచ్చు. ఇంక్‌స్కేప్ నుంచి నేరుగా సిలూయెట్‌కు పంపే ఉచిత ప్లగిన్, అంటే చిన్న అదనపు సాఫ్ట్‌వేర్, కూడా ఉంది. అంటే రేపు కంపెనీ ఏమి చేసినా మీ మిషన్ నడపడానికి మరో దారి ఉంది. నాకు అది చాలా పెద్ద విషయం. అయితే నేర్చుకోవాలి. కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మొదటి నెల విసుగు వస్తుంది, ముందే చెబుతున్నాను.

మూడోది స్కాన్‌ఎన్‌కట్. ఇందులో స్కానర్ ఉంటుంది, తెర ఉంటుంది. కంప్యూటర్ అక్కరలేదు, ఫోనూ అక్కరలేదు. మీ అమ్మమ్మగారు నోటుపుస్తకంలో గీసుకున్న ముగ్గు ఉందనుకోండి. దాన్ని పెన్నుతో కాస్త ముదురుగా దిద్ది, మ్యాట్ మీద పెట్టి లోపలికి పంపితే మిషన్ చదువుకుని అదే గీతను కోస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఫైలు పెట్టి ఇచ్చినా కోస్తుంది. చేత్తో గీయడం వచ్చి, కంప్యూటర్ అంటే ఇష్టం లేనివారికి ఇంతకన్నా మంచిది లేదని నా అభిప్రాయం. తెలుగు అక్షరాలు కూడా చేత్తో రాసుకోవచ్చు! ఫాంటు గొడవే లేదు. ధర ఎక్కువ, అదొక్కటే ఇబ్బంది. సర్వీసు మీ ఊరికి దగ్గరలో ఉందా లేదా అన్నది కూడా కొనే ముందే కనుక్కోండి.

ఒక చెల్లెలు ఇందాక చీటీ పంపింది, మగ్గం వర్క్ చేసేవారికి ఇది ఉపయోగపడుతుందా అని. పడుతుందమ్మా. ఈ మిషన్లలో బ్లేడు తీసి పెన్ను పెట్టవచ్చు. బటర్ పేపర్ మీద బ్లౌజు మెడ డిజైను కొలత తప్పకుండా గీసి ఇస్తుంది. కుడి చేతికీ ఎడమ చేతికీ అచ్చు ఒకేలా తిప్పి గీస్తుంది. రంధ్రాలు మాత్రం మీరే సూదితో పొడుచుకోవాలి. పొడి రుద్దడం, దించడం మామూలే.

మన బజారులో దొరికేది ఏమిటి?

12 అంగుళాలకు తగ్గవద్దు అన్నాను, ఎందుకో చెబుతానన్నాను. మీ వీధిలో నంబరు ప్లేట్ల మీద అక్షరాలు అంటించే రేడియం షాపు ఉంటుంది. ఆ షాపువాళ్లు వాడే వినైల్ రోలు సాధారణంగా 24 అంగుళాల వెడల్పు. మీటర్ల లెక్కన అమ్ముతారు. దాన్ని నిలువునా రెండుగా కోస్తే ఎంత? 12, 12. మీ మిషన్‌కు సరిగ్గా సరిపోతుంది. క్రాఫ్ట్ షాపులో చిన్న ప్యాకెట్‌లో దొరికే షీటు ధరా, మీటరు రోలు ధరా పక్కపక్కన పెట్టి చూసుకోండి, తేడా మీకే తెలుస్తుంది. స్టిక్కర్ల పని చేసేవారికి లాభం అక్కడే ఉంది. మిషన్‌లో లేదు.

క్రికట్ ఎక్స్‌ప్లోర్ 3, మేకర్ 3 లాంటి కొత్త మిషన్లలో మ్యాట్ లేకుండా నేరుగా కోయడానికి స్మార్ట్ మెటీరియల్ అని వేరే అమ్ముతారు. వెడల్పు 13 అంగుళాలు. 12 అడుగుల పొడవు ఏకబిగిన కోయవచ్చు. గోడ మీద పొడవైన డిజైను వేసేవారికి అది మంచి సౌకర్యమే. కానీ దానికోసం ఆ ప్రత్యేకమైన రోలే కొనాలి. మన రేడియం షాపు రోలును మ్యాట్ మీద అంటించే వాడుకోవాలి. మ్యాట్ మీద జిగురు ఎన్నాళ్లో ఉండదు. మన దుమ్ముకు, వేసవి వేడికి ఇంకా త్వరగా పోతుంది. వాడగానే పైన ప్లాస్టిక్ పొర మూసేయండి. ఎండ తగిలే చోట పెట్టకండి.

హాఫ్ కట్, ఫుల్ కట్ అనే మాటలు రేడియం షాపుల్లో వినే ఉంటారు. స్టిక్కర్‌కు హాఫ్ కట్ కావాలి. పై వినైల్ తెగాలి, కింది కాగితం తెగకూడదు. కింది కాగితం మీద కేవలం గీత పడినట్లు కనిపించాలి, అంతే. దీనికోసం ప్రతి కొత్త షీటుకూ ఒక మూలన చిన్న చతురస్రం కోసి చూడండి. ప్రతి షీటుకూ. నిన్న కోసిన రంగే కదా అనుకోవద్దు. చేతి కాగితం సంగతి వేరు. హ్యాండ్‌మేడ్ పేపర్‌లో పీచు ఉంటుంది, బ్లేడు దాన్ని కోయదు, లాగుతుంది. కొత్త బ్లేడు పెట్టి, వేగం తగ్గించి, పెద్ద ఆకారాలే ఎంచుకోండి. పార్టీ అలంకరణకు వాడే ఫోమ్ షీటు కూడా అంతే, అంచులు గరుకుగా వస్తాయి.

బట్ట మీద అంటించే హీట్ ట్రాన్స్‌ఫర్ వినైల్ గురించి ఒక్కటే చెబుతాను. దాన్ని అద్దంలో చూసినట్లు తిప్పి కోయాలి. తెలుగు గుండ్రని లిపి కనుక తిప్పామా లేదా అన్నది తెర మీద చటుక్కున తెలియదు. కోసే ముందు ఎవరితోనైనా చదివించండి. చదవగలిగారంటే తిప్పలేదన్నమాట!

ప్రింటు తీసిన బొమ్మ చుట్టూ కోయడం, ప్రింట్ అండ్ కట్ అంటారు, అది కావాలంటే మిషన్‌కు గుర్తులు చదివే సెన్సర్ ఉండాలి. మొదట వచ్చిన జాయ్‌లో అది లేదు, జాయ్ ఎక్స్‌ట్రాలో ఉంది. ఉన్న మిషన్లలో కూడా మెరిసే కాగితం మీది గుర్తులను సెన్సర్ ఒక్కోసారి చదవలేదు. వెలుతురు తిరిగి కొడుతుంది. మెరుపు లేని కాగితంతో మొదలుపెట్టండి.

అమెరికా నుంచి అబ్బాయి తెస్తున్నాడు, అమ్మాయి తెస్తోంది అనేవారు ఇక్కడ చాలామందే ఉంటారు. ఉన్నారు కదూ? వినండి. కటింగ్ మిషన్‌కు వచ్చే అడాప్టర్ మీద చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే మన 230 వోల్టులకు నిశ్చింతగా పెట్టవచ్చు, ప్లగ్గు మార్చే పిన్ను ఒకటి చాలు. ఫొటో తీసి పంపమనండి, చదివిన తరువాతే తెమ్మనండి. కానీ దానితో పాటు వినైల్‌ను వేడితో బట్ట మీద అంటించే హీట్ ప్రెస్ కూడా తెస్తాను అంటే వద్దని చెప్పండి. అక్కడి ప్రెస్ 120 వోల్టులది. ఇక్కడ పెడితే కాలిపోతుంది, మనకూ ప్రమాదం. హీట్ ప్రెస్ ఇక్కడే కొనుక్కోండి. ఇంకోటి, అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందా లేదా ముందే అడగండి.

కొందరికి నేను అసలు కొనవద్దనే చెబుతాను. ఇంటి గేటుకు నేమ్ ప్లేటు కావాలి, 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్, ఎండిఎఫ్ అనే చెక్కపీచు పలక కోయాలి అంటారు. అది ఈ బ్లేడు మిషన్ల పని కాదు, లేజర్ పని. లేజర్ మిషన్ ఇంట్లో పెట్టుకుంటాం అనేవారికి ఒక హెచ్చరిక. పీవీసీని, అంటే మన వినైల్ స్టిక్కర్ షీటును లేజర్ కింద ఎప్పుడూ పెట్టవద్దు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు హాని, మిషన్ లోపలి ఇనుమంతా తుప్పు పడుతుంది. పిల్లలు తిరిగే గదిలో పొగ బయటికి పోయే గొట్టం లేకుండా లేజర్ పెట్టుకోవద్దు. ఏడాదికి రెండు నేమ్ ప్లేట్లే అయితే లేజర్ షాపుకు ఫైలు ఇచ్చి చేయించుకోండి. సంవత్సరానికి ఒక్క ఫంక్షన్‌కు స్టిక్కర్లు కావాలంటే రేడియం షాపుకు ఇవ్వండి. మీ ఎస్‌విజి ఫైలు మీ దగ్గర ఉంటే ఎక్కడైనా కోయించుకోవచ్చు. అందుకే ఇంతసేపూ ఫైలు, ఫైలు అంటున్నాను.

ఈ మిషన్ వస్తే చేతిపని పోతుందా అని పెద్దాయన ఒకరు ఇందాక అడిగారు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు మేక తోలును పలచగా చేసి, చిన్న ఉలులతో ఒక్కొక్క రంధ్రం కొడతారు. వెలుతురు ఆ రంధ్రాల గుండా వచ్చినప్పుడు బొమ్మ నగలు పెట్టుకున్నట్లు మెరుస్తుంది. తోలు ఒక చోట మందం, ఒక చోట పలచన. ఉలి మీద చేయి ఆ తేడాను తెలుసుకుంటూ కొడుతుంది. మన మిషన్ బ్లేడుకు ఆ తెలివి లేదు, ఒకే ఒత్తిడితో పోతుంది. కనుక ఆ పనిని దీనితో పోల్చకండి. ఆ బొమ్మలు కొనాలనుకుంటే వాళ్ల దగ్గరే కొనండి, కాగితంలో నకలు కోసి తోలుబొమ్మ అని అమ్మకండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇక చివరిగా సెకండ్‌హ్యాండ్ మిషన్. ఈమధ్య చాలామంది కొని, వాడక, అమ్మేస్తున్నారు. తక్కువలో మంచివి దొరుకుతాయి. మోడల్ పేరు కనుక్కుని, ఆ మోడల్‌ను సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ గుర్తిస్తోందా అని కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. క్రికట్ మినీకి ఏమైందో చెప్పాను కదా. పాత యజమాని ఖాతా నుంచి దాన్ని తొలగించారా, మీ ఖాతాలో ఎక్కుతోందా అన్నది డబ్బు ఇవ్వకముందే తేల్చుకోండి. అమ్మేవారి ఇంట్లోనే, మీ కళ్ల ముందే కోయించండి. ఒక చతురస్రం, ఒక వలయం, వీలైతే పొడవుగా ఒక అడుగు గీత. వలయం మొదలైన చోటే ముగిసిందా చూడండి. ముగియకపోతే బ్లేడు హోల్డరు వదులై ఉండాలి, లేదా రోలరు జారుతూ ఉండాలి. కొత్త బ్లేడు, కొత్త హోల్డరు పెట్టి మళ్లీ కోయించండి. అప్పుడు సరిగ్గా వస్తే ఆ ఖర్చు తగ్గించి బేరమాడండి. అప్పటికీ రాకపోతే, పొడవు గీత కూడా వంకర పోతే, అది రోలర్ల జబ్బు. ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.